మూత కింది రంగు

కెజియా ఆ చక్రానికి మూడోసారి రంగు వేసింది. మూడోసారి కూడా అది కలవలేదు.

బెజవాడ ఆటోనగర్‌లో పీరు సాహెబ్ షెడ్డు ముందు సింహాద్రి కారు ఆగి ఉంది. మూడు చక్రాలు ఒకలా ఉన్నాయి. ముందు కుడివైపుది మాత్రం వేరేలా ఉంది. బాగోలేక కాదు, మరీ బాగుండి. రోడ్డు అవతల నుంచి చూసినా ముందు అదే కంట్లో పడుతోంది.

"కలిసింది," అంది కెజియా.

సింహాద్రి చక్రం వంక చూశాడు. తర్వాత పీరు సాహెబ్ వంక చూశాడు.

"రంగు చదివే మిషను చూడండి. కంపెనీ రంగు కోడ్‌కీ దీనికీ వెంట్రుకవాసి తేడా లేదు. ఇంక నేను మార్చను."

"మార్చమని నేనన్నానా?" అన్నాడు పీరు సాహెబ్.

ఆయన ఆ మాట మామూలుగానే అన్నాడు. ఆమెకు మాత్రం ఒళ్ళు మండింది.

పీరు సాహెబ్‌కి అరవై నాలుగేళ్ళు. ముప్పై ఏళ్ళ పైనుంచి చక్రాలకు రంగులు వేస్తున్నాడు. తక్కువ మాట్లాడతాడు. ఆయన దగ్గర పని నేర్చుకుందామని వచ్చినవాళ్ళలో సగం మంది ఆ మౌనానికే వెళ్ళిపోయారు. కెజియా ఏడాదిగా ఉంటోంది.

అంతకుముందు ఆమె గుంటూరులో ఒక పెద్ద షోరూమ్ పెయింటు సెక్షన్‌లో చేసింది. పన్నెండు మంది మగవాళ్ళ మధ్య ఒక్కతే ఆడమనిషి. ఒకసారి ఒక తలుపు రంగు తేడాగా ఉందని కస్టమర్ గొడవపెడితే, అందరూ తప్పు ఆమె కళ్ళ మీదకి తోసేశారు. "ఆడపిల్లకి స్ప్రే గన్ను ఇస్తే ఇంతే," అన్నారు. కెజియా రంగు చదివే మిషను తెచ్చి తలుపు మీద పెట్టింది. అంకె సరిగ్గా వచ్చింది. పక్క ప్యానెలు మీద పెట్టింది. అది తప్పు వచ్చింది. ఆ ప్యానెలు వేసింది ఆ సెక్షన్ హెడ్డే. ఆ రోజు ఎవరూ నోరెత్తలేదు. మర్నాటి నుంచి ఆమెకు గన్ను ఇవ్వడం మానేశారు. తుడుపు గుడ్డ చేతికిచ్చారు. ఆరు నెలలు చూసి బయటకొచ్చేసింది.

వచ్చాక మొదట చేసిన పని, సొంతానికి ఒక పాత మిషను కొనుక్కోవడం. కంటితో చూసి చెప్పినదానికి ఎవడైనా అడ్డం మాట్లాడతాడు, అంకెకు అడ్డం మాట్లాడలేడు. ఇది ఆమె నమ్మకం.

సింహాద్రిది వేరే బాధ. స్టేషను దగ్గర ఒక హోటల్‌కి కారు పెట్టి, వచ్చే అతిథులను గన్నవరం ఎయిర్‌పోర్టు నుంచి తెస్తుంటాడు. తొమ్మిదేళ్ళ బండి. అద్దంలా ఉంచుకుంటాడు. బైపాస్ మీద గుంటలో పడి ఒక రిమ్ము పగిలింది. అదే మోడలు పాత రిమ్ము ఒకటి వెతికి పట్టుకున్నాడు గాని దాని మీద ఎవరో ఏదో రంగు కొట్టి ఉన్నారు. హోటల్లో బండ్లు చూసుకునే సూపర్‌వైజరు ప్రభంజన్ ఒకటే మాట చెప్పాడు.

"నాలుగు చక్రాలూ ఒకేలా ఉండాలి. శనివారం పదింటికి చూస్తాను. లేకపోతే ఆ బండి ఇక తేవద్దు."

ఆ చోట్లోకి తన బావమరిది కారును తెచ్చుకోవాలని ప్రభంజన్ చూస్తున్నాడని డ్రైవర్లందరికీ తెలుసు.

అంతకుముందే సింహాద్రి రెండు షాపులు తిరిగాడు. రెండు చోట్లా మామూలు వెండి రంగు కొట్టి పంపారు. కారుకి బిగిస్తే ఆ చక్రం అల్యూమినియం గిన్నెలా ఉంది. తర్వాతే ఇక్కడికి వచ్చాడు. వచ్చిన రోజే కెజియా పగిలిన రిమ్ము తెప్పించి, పగులు అంచున బ్లేడుతో గీకి చూసింది.

"ఇది ఒట్టి వెండి కాదన్నా. అడుగున నలుపు, దాని మీద పలచగా వెండి, పైన గాజులాంటి క్లియర్ పూత. ఆ నలుపు లోపల నుంచి కనబడటం వల్లే దీనికి ఆ లోతు వచ్చింది. ఒక్క పొర వేస్తే ఎన్నిసార్లు వేసినా రాదు."

పీరు సాహెబ్ ఆ మాట విని తల ఊపాడు. ఆయన తల ఊపడం కెజియా ఏడాదిలో నాలుగైదుసార్లు చూసి ఉంటుంది.

అందుకే ఇప్పుడు ఆమెకు అంత కోపం. రంగు పట్టుకుంది తను. పొరలు పట్టుకుంది తను. రిమ్ము వెనక ముద్ర వేసిన కోడ్ వెతికి, దాని ప్రకారం మూడుసార్లు వేసింది. మూడుసార్లూ మిషను సరే అంది. మరి ఈ ఇద్దరూ అలా నిలబడి చూడటం ఏమిటి?

"నాలుగూ కోడ్ ప్రకారం వేసేద్దాం. అప్పుడు ఒకేలా ఉంటాయి."

"ఆ మూడింటికీ ఏ జబ్బూ లేదుగా," అన్నాడు పీరు సాహెబ్.

"నా చక్రానికి కూడా లేదు! తప్పు చేస్తే ఒప్పుకుంటాను మేస్త్రి గారూ. చెయ్యని తప్పు మాత్రం ఒప్పుకోను. నా పని నచ్చకపోతే చెప్పండి, ఇప్పుడే వెళ్ళిపోతాను."

సింహాద్రి కంగారుపడ్డాడు. శనివారానికి ఇంకా ఒక్క రోజే ఉంది.

పీరు సాహెబ్ లోపలికి వెళ్ళి ఒక స్క్రూడ్రైవరుకి గుడ్డ చుట్టుకుని వచ్చాడు. వెనక చక్రం ముందు మెల్లగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చక్రం మధ్యలో ఉన్న గుండ్రటి మూత సందులో స్క్రూడ్రైవరు పెట్టి, గీత పడకుండా పైకి లేపాడు. మూత ఊడొచ్చింది. దాని కింద తొమ్మిదేళ్ళ దుమ్ము. గుడ్డతో తుడిచాడు. బిళ్ళంత మేర రంగు బయటపడింది. ఎండ తగలని రంగు, వాన తగలని రంగు.

"నీ రేకు ముక్క తే."

రంగు సరిచూసుకోవడానికి వేసుకున్న రేకు ముక్క తెచ్చి కెజియా అక్కడ ఆనించింది. రేకు ఎక్కడ అయిపోయిందో, చక్రం ఎక్కడ మొదలైందో తెలియలేదు.

"చూశారా!" ఆమె గొంతు పైకి లేచింది. "చూశారా మేస్త్రి గారూ! నాదే కరెక్టు!"

"నీదే కరెక్టు," అన్నాడు పీరు సాహెబ్.

మూతను మళ్ళీ దాని చోట పెట్టి అరచేత్తో నొక్కాడు. టక్కున కూర్చుంది. ఆయన లేచి, చేతులు కడుక్కుని, సాయంత్రం అసర్ నమాజుకి వెళ్ళిపోయాడు.

కెజియా గెలిచిన మొహంతో సింహాద్రి వైపు తిరిగింది. "విన్నారుగా?"

"విన్నానమ్మా." సింహాద్రి ఆ మూత వంకే చూస్తున్నాడు. అతనిది ఎగతాళి కాదు, నిజంగానే అడిగాడు. "అయితే నేను మూతలు తీసేసి తిరగనా తల్లీ?"

కెజియా జాకీ తెచ్చి, ముందు చక్రం నట్లు విప్పడం మొదలుపెట్టింది. నట్లు విప్పుతున్నంతసేపూ మనసులో ఎవరితోనో పోట్లాడుతూనే ఉంది.

శుక్రవారం పొద్దున్నే వచ్చింది. పాత చక్రాల్లో ఒకదాన్ని కడిగి ఎదురుగా పెట్టుకుంది. తొమ్మిదేళ్ళ ఎండకు దాని క్లియర్ కొద్దిగా పసుపు తిరిగింది. బ్రేకు పొడి కూర్చుని కూర్చుని వెండి మెరుపు నలిగింది. ఈ సంగతులేవీ కోడ్‌లో లేవు. రేకు ముక్కల మీద రంగులు వేస్తూ పోయింది. వెండి పలుకులు ఇంకా సన్నవి వాడింది. క్లియర్‌లో ఒక బొట్టు పసుపు కలిపింది. ఒకటి ఎదురుగా చూస్తే కలిసింది, పక్కనుంచి చూస్తే నల్లబడింది. ఇంకొకటి పక్కనుంచి కలిసింది, ఎదురుగా చూస్తే తెల్లబడింది.

మధ్యాహ్నానికి ఏడో ముక్క పట్టుకుని పీరు సాహెబ్ దగ్గరికి వెళ్ళింది.

"ఎండలో చూశావా?"

"చూశాను."

"నీడలో?"

"చూశాను."

"నిలబడి చూశావా?"

కెజియా ఆగిపోయింది. పొద్దుటి నుంచి చక్రం ముందు గొంతుక్కూర్చునే ఉంది. దారిన పోయేవాడు ఎవడూ చక్రాన్ని గొంతుక్కూర్చుని చూడడు.

మళ్ళీ వెళ్ళింది. తొమ్మిదో ముక్క నిలబడి చూసినా, నడుస్తూ చూసినా, ఎండలోంచి నీడలోకి జరిపి చూసినా పాత చక్రంలో కలిసిపోయింది.

అలవాటు కొద్దీ మిషను తీసి ఆ ముక్క మీద పెట్టింది. కోడ్‌కి చాలా దూరంగా వచ్చింది అంకె. షోరూమ్‌లో అయితే ఆ అంకె చూపించి ఉద్యోగం తీసేసేవాళ్ళు.

ఆ అంకె వంక చాలాసేపు చూసింది. మళ్ళీ చక్రం వంక చూసింది. మిషను ఆపేసి గన్ను అందుకుంది.

శనివారం సింహాద్రి బతిమాలాడు. "మీరిద్దరూ కూడా రండి సాయిబు గారూ. ఆయన ఏదో ఒక వంక పెడతాడు. నాకు జవాబు చెప్పడం రాదు."

వెళ్ళారు. హోటల్ వెనక ఆవరణలో ఏడెనిమిది బండ్లున్నాయి. గేటు పక్కన ప్రభంజన్ బావమరిది కారు అప్పటికే కడిగి సిద్ధంగా పెట్టి ఉంది.

ప్రభంజన్ కారు చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. ఇంకో చుట్టు తిరిగాడు. వంగాడు, సెల్‌ఫోను లైటు వేసి చూశాడు. డ్రైవర్లు ఒక్కొక్కరే వచ్చి మూగారు.

"ఏ కోడ్ వేశావు సాయిబూ?"

"ఆమెనడగండి. వేసింది ఆమె."

ప్రభంజన్ అప్పుడే ఆమెను చూసినట్టు చూశాడు. "ఏమ్మా, కోడ్ ఎంత?"

చెప్పడానికి కెజియా దగ్గర అంకె లేదు.

"కోడ్ లేదు సార్."

"కోడ్ లేకుండా కంపెనీ రంగు ఎలా వస్తుంది? దేని ప్రకారం వేశావు మరి?"

"మిగతా మూడింటి ప్రకారం."

"ఇలా ఊహమీద వేసినవి మా హోటల్‌కి పనికిరావు."

"నాలుగూ ఒకేలా ఉండాలన్నారట. ఒకేలా లేనిదేదో చూపించండి సార్. చూపిస్తే బండి వెనక్కి తీసుకుపోతాం."

డ్రైవర్లలో ఎవరో దగ్గారు. ప్రభంజన్ మొహం బిగుసుకుంది. మళ్ళీ చుట్టు తిరిగి వెనక ఎడమ చక్రం దగ్గర ఆగాడు. వేలు పెట్టి చూపించాడు.

"ఇది. తెలుస్తూనే ఉంది."

"అది బండి కొన్నప్పటి నుంచీ ఉంది సార్," అన్నాడు సింహాద్రి.

ఈసారి డ్రైవర్లు దగ్గలేదు, నవ్వేశారు.

"సరే, ఏది కొత్తదో నువ్వే చెప్పు," అన్నాడు ప్రభంజన్.

"చెప్పను."

"ఏం?"

"చెబితే మీకు కనిపిస్తుంది."

ప్రభంజన్ ఆమె వంక చూశాడు. ఆమె కళ్ళు దించలేదు. నవ్వలేదు కూడా. అతను చేతిలోని అట్ట మీద కాగితం సర్దుకుని, బండి ఉండొచ్చని సంతకం పెట్టాడు. సింహాద్రికి అప్పుడే గన్నవరం వెళ్ళే పని తగిలింది. వెళ్తూ వెళ్తూ కారు ఆపి, దిగి, కెజియాకి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. ఏం చెయ్యాలో తెలియక ఆమె కూడా పెట్టింది.

గురువూ శిష్యురాలూ బస్సు స్టాపు దాకా నడిచారు. ఆమె గెలుపు నడక కాస్త దూరమే సాగింది. తర్వాత నెమ్మదించింది.

"మేస్త్రి గారూ."

"ఊఁ."

"ఒకచోట కలవలేదు. రెండో స్పోకు మొదట్లో, అంచు దగ్గర. ఎండ పడితే కొద్దిగా తెల్లగా ఉంది. అక్కడే అతను లైటు వేసి చూస్తుంటే నా గుండె ఆగిపోయింది."

"ఉంది."

"మీకూ కనిపించిందా?"

"నిన్న సాయంత్రమే."

కెజియా ఆగిపోయింది. "మరి చెప్పలేదే!"

పీరు సాహెబ్ కూడా ఆగాడు. దూరంగా బస్సు వస్తోంది. చెయ్యెత్తి దాన్ని ఆపుతూ అన్నాడు.

"ఇలాంటివి నీకు కనిపించడం మానేసిన రోజు చెప్పు. షెడ్డు మూసేద్దాం."