కాసులమ్మ వదిలిన చోటు

రేవులో గడియారం లేని రోజులవి. ఓడ కూస్తే పొద్దు తెలిసే రోజులు. ఆ రోజుల్లో ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం, నడిమధ్య కొండరేవు అని ఒక ఊరు ఉండేది. ఆ ఊళ్ళో కాసులమ్మ అని ఒక జాలరి ఆడమనిషి చేపలు వేయించి అమ్ముకుని బతికేది. రాజు కూతురు కాదు, మంత్రి చెల్లెలు కాదు. అయినా అక్కడివాళ్ళు రాజుల పేర్లు మరిచిపోయారు గానీ ఆమె పేరు మరిచిపోలేదు. ఎందుకో చెబుతాను, వినండి.

కొండరేవు జాలర్లకి ఒక ఆచారం ఉండేది. తెల్లవారుజామున మంచు దిగుతుంది. పడవలు తిరిగొచ్చే వేళకి పడవకి ఒడ్డు కనపడదు, ఒడ్డుకి పడవ కనపడదు. అప్పుడు ఆడవాళ్ళు నీళ్ళ అంచున నిలబడి పిలిచేవారు. ఒక్కొక్కరిది ఒక్కో పిలుపు. మంచులోంచి ఆమె మొగుడు పలికేవాడు. ఒక్కొక్కడిది ఒక్కో రాగం. ఆ పలుకులో మాటలుండవు. గాలికి మాటలు చెదిరిపోతాయి, రాగం నిలబడుతుంది. రాగం వినపడిందా, మనిషి ఉన్నట్టే. ఇంటికెళ్ళి పొయ్యి వెలిగించుకోవచ్చు.

దీనికి మూడు కట్టుబాట్లు. ఒకరి పిలుపుకి ఇంకొకరు పలకకూడదు. పిలిచాక, పలికేవాడి కోసం చోటు వదలాలి. ఇక మూడోది, తన పిలుపుకి తానే పలకకూడదు. పడవ మరి రాదని తేలిపోయాక, పోయినవాడికి చేసే పెద్దదినం నాడు మాత్రం, ఆ ఇల్లాలు నీళ్ళ అంచున నిలబడి తన పిలుపూ తనే పిలిచి, అతని రాగమూ తనే పలికేది. ఆ తర్వాత ఇంకెప్పుడూ పిలిచేది కాదు.

కాసులమ్మ పిలుపు ఇలా ఉండేది:

"ఒడ్డిక్కడున్నాదోయ్ మావా... నువ్వెక్కడున్నావోయ్..."

ఆమె మొగుడు మసేను పలికే రాగం కింద మొదలై, మెల్లగా పైకెక్కి, చివర నవ్వులా విరిగేది. ఆ విరుపు వినగానే కాసులమ్మ కూడా నవ్వేది. ఎందుకు నవ్వుతుందో ఆమెకే తెలీదు.

ఒక ఏడు సముద్రం చేపని దాచేసింది. వలలు ఖాళీగా లేచాయి. ఊళ్ళో చాలామంది మగవాళ్ళు రంగూన్ ఓడెక్కారు. అక్కడ బియ్యపు మిల్లుల్లో బస్తాలు మోసే పని దొరుకుతుందన్నారు. మసేను కూడా మూట కట్టుకున్నాడు.

"ఎప్పుడొస్తావు మావా?" అంది కాసులమ్మ.

"రెండు వానాకాలాలు చూడు. మూడోది పట్టేలోగా వచ్చేత్తాను. నా పళ్ళెంలో ముక్క ఎవడికీ ఎట్టీకు."

"ఎట్టేత్తాను. నీకు తలకాయ మిగుల్తాది."

"తలకాయైనా సరే. నువ్వు వేపిందైతే సాలు."

ఓడ కదిలింది. కాసులమ్మ రేవు చివరికంటా పరుగెత్తింది. గుండె నిండా గాలి తీసుకుని పిలిచింది. "ఒడ్డిక్కడున్నాదోయ్ మావా... నువ్వెక్కడున్నావోయ్..." పిలిచి, చోటు వదిలింది.

సరిగ్గా ఆ చోటులో ఓడ కూసింది. పొడుగ్గా కూసింది. కూత ఆగేసరికి ఓడ కొండ మలుపు తిరిగిపోయింది.

ఇంటి దగ్గర అత్త ఎర్రమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. "నా కొడుకు పలికినాడా?" అని అడిగింది.

"ఓడ కూసింది అత్తా" అంది కాసులమ్మ.

మొదటి వానాకాలం పోయింది. రెండోదీ పోయింది. మూడోది కూడా వచ్చి పోయింది. మసేను రాలేదు, కబురూ రాలేదు. చేపలు మళ్ళీ వచ్చాయి. కాసులమ్మ రోజూ రెండు పళ్ళేలు కడిగేది. నీళ్ళ దగ్గర ఆడవాళ్ళు ఊరుకుంటారా?

"పలకని మొగుడికి పళ్ళెం ఎందుకే? పెద్దదినం చేసీ, పీడా పోతాది" అంది ఒకామె.

"మీ ఆయన రోజూ పలుకుతున్నాడు గదా వదినా. మరి పాపం ఆడికి తలకాయైనా మిగల్చవేం?" అంది కాసులమ్మ.

అందరూ నవ్వారు. కాసులమ్మ కూడా నవ్వింది. ఇంటికొచ్చాక పళ్ళెం బోర్లించి, దాని మీద చెయ్యి వేసి చాలాసేపు అలాగే కూర్చుంది.

రేవు పక్కన ఒక హాలుండేది. శనివారం సాయంత్రాలు అక్కడ జాజ్ వాయించేవారు. జాజ్ అంటే ఏమిటంటారా? ముందు అందరూ కలిసి ఒక పాట వాయిస్తారు. ఆ తర్వాత ఒక్కొక్కరికి ఒక్కో వంతు. నీ వంతులో నీకు తోచింది వాయించుకో. మిగతావాళ్ళు నీకు దారిచ్చి, వెనక మెల్లగా తాళం పట్టుకుని ఉంటారు. నీ వంతు అయ్యాక ఇంకొకరిది. అంతే. ఓడల మీద వచ్చిన ఈ సంగీతం ఆ ఊళ్ళోనే కాపురం పెట్టేసింది. క్లారినెట్ వాయించే విక్టర్ దొర ఆ బ్యాండుకి పెద్ద. దొర అని పిలుపే గానీ పుట్టిందీ పెరిగిందీ రైల్వే కాలనీలోనే. డ్రమ్ములు వాయించేవాడు దేవసహాయం. కర్రలు పక్కన పెట్టి, చీపురులాంటి సన్న తీగల కుంచెలతో డ్రమ్ము మీద రాస్తే, సముద్రం వెనక్కి వెళ్తున్నట్టు చప్పుడయ్యేది.

హాలు వెనక వసారాలో కాసులమ్మ పొయ్యి పెట్టుకుని చేపముక్కలు వేయించేది. ఒక శనివారం విక్టర్ దొర తన వంతు ముగించాడు. తర్వాతివాడు అందుకునేలోగా చిన్న ఖాళీ వచ్చింది. పాడు ఖాళీ! దాన్ని చూసి కాసులమ్మ నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఒడ్డిక్కడున్నాదోయ్ మావా..."

హాలంతా అటు తిరిగింది. విక్టర్ దొర క్లారినెట్ చేత్తో పట్టుకునే వసారాలోకి వచ్చాడు.

"ఎవరు పాడింది?"

"పాడలేదు బాబూ. పిలిచాను."

"ఎవరిని?"

"మా మావని."

వెనకాలే వచ్చిన దేవసహాయం, "అప్పా, ఆ మావ సంగతి తర్వాత. ముక్క మాడిపోతోంది!" అన్నాడు. ఆ వైపు అక్కని అప్ప అంటారు.

అప్పటినుంచి ప్రతి శనివారం కాసులమ్మ చేతులు కొంగుకి తుడుచుకుని హాల్లోకి వచ్చి నిలబడేది. పాట ఆఖరున ఒకసారి పిలిచేది. దాంతో పాట అయిపోయేది. జనం చప్పట్లు కొట్టేవారు. ఆ చప్పట్లలో ఆమె తల వంచి, ఏదో వింటున్నట్టు నిలబడేది.

ఆ గొంతు సంగతి పట్నం దాకా పోయింది. ఒక రికార్డుల ఆయన పెద్ద పెట్టెతో దిగాడు. పెట్టెలో యంత్రం, యంత్రంతోపాటు మూడు మైనపు పళ్ళేలు. పాట పాడితే మైనం మీద గీత పడుతుంది. పొరపాటు వస్తే ఆ పళ్ళెం ఇక పనికిరాదు.

"ఇది ఎక్కడికి పోతాది బాబూ?" అని అడిగింది కాసులమ్మ.

"దీన్ని చూసి రికార్డులు అచ్చు వేస్తాం. ఓడలు వెళ్ళే ప్రతి రేవుకీ పోతాయి. మద్రాసు, కొలంబో, రంగూన్..."

కాసులమ్మ చేతిలో అట్లకాడ ఆగిపోయింది. "రంగూనా?" అంది. "అయితే నడిమధ్యలో పిలుత్తాను దొరగారూ. ఆఖర్న కాదు. నేను పిలిచాక ఆయనకి చోటుండాల. ఆయన పలికాక పాట మళ్ళీ నడవాల."

విక్టర్ దొర సరేనన్నాడు.

మొదటి పళ్ళెం తిరిగింది. బ్యాండు వాయించింది. కాసులమ్మ పిలిచి, చోటు వదిలింది. జాజ్‌వాళ్ళకి ఖాళీ కనపడితే చెయ్యి ఊరుకోదు గదా! విక్టర్ దొర క్లారినెట్ తెలీకుండానే ఆ చోటులోకి దూరింది.

"ఆపండి! ఒకరి పిలుపుకి ఇంకొకరు పలకరాదు" అంది కాసులమ్మ. మొదటి పళ్ళెం పోయింది.

రెండో పళ్ళెం తిరిగింది. కాసులమ్మ పిలిచి, చోటు వదిలింది. ఈసారి ఎవరూ వాయించలేదు. రికార్డుల ఆయనే యంత్రం ఆపేశాడు.

"ఖాళీ రికార్డు ఎవడు కొంటాడమ్మా? మధ్యలో ఏమీ వినపడకపోతే చెడిపోయిందని తిరిగి పంపించేస్తారు. ఆ చోటులో నువ్వే ఏదో ఒకటి పాడు. లేదంటే పెట్టె సర్దేసుకుంటాను."

కాసులమ్మకి మసేను రాగం నోటికొచ్చు. కింద మొదలై, పైకెక్కి, నవ్వులా విరిగే రాగం. పాడితే చాలు, తన గొంతు రంగూన్ వెళ్ళిపోతుంది. కానీ పాడితే తన నోటితో తనే అతనికి పెద్దదినం చేసినట్టు. ఆ మిల్లు సందుల్లో ఎక్కడో అతను అది వింటే? నేను పోయానని మా కాసులు ఒప్పేసుకుంది అనుకుంటే?

నోరు తెరిచింది. మూసేసింది. కళ్ళనిండా నీళ్ళు.

"పోనీండి బాబూ. సర్దుకోండి" అంది.

అప్పుడు విక్టర్ దొర క్లారినెట్ విప్పి, ముక్కలు ముక్కలుగా పెట్టెలో పెట్టి, మూత వేశాడు.

"అయ్యా, మా జాజ్‌లో ఎవరి వంతు వాళ్ళది" అన్నాడు రికార్డుల ఆయనతో. "మనిషి రావడం ఆలస్యమైందని వంతు తీసెయ్యం. ఇదుగో, నేను వాయించను. నా వంతు కూడా మసేనుకే. కావాలంటే నా పేరు కూడా వెయ్యకండి. ఆ ఒక్క పళ్ళెం తిప్పండి."

రికార్డుల ఆయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "ఇదే ఆఖరిది. తర్వాత నన్ననకండి" అని పళ్ళెం ఎక్కించాడు.

"అప్పా, ఆ చోటులో నేను కూడా ఆపాలా?" అని అడిగాడు దేవసహాయం.

"నువ్వాపకు తమ్ముడా. సముద్రం ఆగదు గదా" అంది కాసులమ్మ.

మూడో పళ్ళెం తిరిగింది. కాసులమ్మ పిలిచింది. చోటు వదిలింది. ఆ చోటులో కుంచెలు డ్రమ్ము మీద నెమ్మదిగా రాసుకుంటూ పోయాయి, నీళ్ళు వెనక్కి వెళ్తున్నట్టు. ఒక మనిషి కింద మొదలుపెట్టి, పైకెక్కి, నవ్వడానికి సరిపోయేంత చోటు. ఆ తర్వాత పాట మళ్ళీ నడిచింది.

రికార్డు ఓడెక్కింది. కాసులమ్మ రేవులో నిలబడి, తిరిగొచ్చే ఓడల కోసం చూసేది.

మొదటి ఓడ వచ్చింది. "నా పిలుపు అందినాదా?" అని అడిగింది.

"రంగూన్ కొట్లలో నీ రికార్డు చూశామమ్మా" అన్నారు.

రెండో ఓడ వచ్చింది. "ఎవరైనా విన్నారా?"

"మిల్లు సందులో ఒక టీకొట్టువాడు రోజూ సాయంత్రం వేస్తున్నాడు. మన కూలీలంతా అక్కడే చేరతారట."

"ఎవరైనా పలికినారా?"

వాళ్ళకి తెలీదు. వాళ్ళు ఓడలో పనివాళ్ళు. సందులోకి వెళ్ళలేదు.

మూడో ఓడ వచ్చేలోగా వానలు పట్టాయి. కాసులమ్మకి జ్వరం వచ్చింది. తగ్గలేదు. ఎర్రమ్మ కోడలి తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"అత్తా, ఆ రోజు ఆయన పలికే ఉంటాడు గదా?"

"పలికే ఉంటాడమ్మా. ఓడ కూసింది గానీ."

"అవును. ఓడ కూసింది" అంది కాసులమ్మ. అవే ఆమె ఆఖరి మాటలు.

వానలు వెలిశాక మూడో ఓడ వచ్చింది. అందులోంచి గురువులు అనే ముసలివాడు దిగాడు. ఆ ఊరివాడే. తను మిల్లులో ఉండగానే ఇక్కడ అతని భార్య పోయింది. దిగినవాడు దిగినట్టు కాసులమ్మ ఇల్లెక్కడని కనుక్కుంటూ వచ్చాడు. గుమ్మంలో ఎర్రమ్మ ఉంది. కాసులమ్మ లేదని తెలిసి నేలమీద చతికిలపడ్డాడు.

"నాను తప్పు చేసినాను ఒదినా. ఒప్పుకుందామని వచ్చినాను. నీ కోడలి పిలుపుకి నాను పలికినాను."

"నువ్వా?"

"నన్ను పిలిచేది ఎవరూ లేరు గదా. టీకొట్టు దగ్గర ఆ గొంతు విన్నాను. ఒడ్డిక్కడున్నాదోయ్ అంది. ఆగింది. ఆ చోటులో నా నోరు ఆగలేదు. నా రాగం నాను పలికీసినాను. సిగ్గేసింది. పక్కకి సూద్దును గదా, పక్కోడూ పలుకుతున్నాడు. ఆడి ఎనకోడూ పలుకుతున్నాడు. సందు సందంతా ఎవడి రాగం ఆడు. రోజూ అంతే, ఒదినా. మీసాలున్న మగోళ్ళు, తవుడు కొట్టుకుపోయిన మొహాలేసుకుని."

ఎర్రమ్మ ముందుకు వంగింది. "అందులో నా కొడుకు రాగం ఉందా? కింద మొదలై, పైకెక్కి, నవ్వినట్టు..."

గురువులు చాలాసేపు ఆలోచించాడు. "అక్కడ లెక్కలేనన్ని మిల్లులు, మసేను నా కంట పడలేదు. అంతమందిలో రాగమూ పోల్చలేకపోయాను ఒదినా" అన్నాడు. "కానీ రోజూ ఆఖర్న ఎవడో నవ్వినట్టుండేది. అందరం ఏడుత్తుంటే ఈడెవడ్రా అనుకునేవోళ్ళం."

గురువులే మళ్ళీ అడిగాడు. "ఇంకొకరి పిలుపుకి పలికినాను గదా. తప్పేనా?"

"మా కాసులు ఉంటే అది అడగదురా" అంది ఎర్రమ్మ. "గట్టిగా పలికినావా లేదా అని అడుగుతాది."

లేచి లోపలికెళ్ళింది. రెండు పళ్ళేలూ కడిగి, రెండూ బోర్లించింది. మసేనుకి పెద్దదినం ఆమె చెయ్యలేదు. ఆమె తర్వాత కూడా ఎవరూ చెయ్యలేదు.

కొండరేవులో ఇప్పటికీ శనివారం సాయంత్రం జాజ్ వాయిస్తారు. పాతవాళ్ళు పోయారు, కొత్త గొంతులొచ్చాయి, కొత్త రికార్డులొస్తున్నాయి. ఏ రికార్డైనా తెచ్చి వినండి. నడిమధ్యలో గొంతు ఆగుతుంది. వాయిద్యాలు ఆగుతాయి. కుంచెలు మాత్రం నెమ్మదిగా రాసుకుంటూ పోతాయి. రికార్డు చెడిపోయిందేమోనని కొత్తవాళ్ళు కంగారు పడతారు. చెడిపోలేదు. అది కాసులమ్మ వదిలిన చోటు. ఆ ఊరివాళ్ళు అందులో నోరు మెదపరు. హాల్లో ఆ పూట దూరం నుంచి వచ్చినవాళ్ళెవరైనా ఉంటే, పిలిచేవాళ్ళు లేనివాళ్ళు ఉంటే, వాళ్ళే తమకొచ్చిన రాగం పలుకుతారు. తప్పు పట్టేవారు లేరు.

ఇంకొకటి. ఆ ఊళ్ళో ఎవరైనా ప్రయాణమైతే గుమ్మంలో నిలబడ్డవాళ్ళు జాగ్రత్త అనరు. తొందరగా రా అని కూడా అనరు. "పలుకు" అంటారు. అని, కాసేపు ఊరుకుంటారు.

కథ ఓడెక్కింది. మనం ఒడ్డున ఉన్నాం.