పద్నాలుగో పేరా

ఓబులేసు మెసేజీ ముందు వచ్చిందో, కౌముది తన సారు ఇంటికి ముందు బయల్దేరిందో ఇప్పుడు నేను గట్టిగా చెప్పలేను. వరస అటూ ఇటూ అయితే సర్దుకుని చదవండి. ఆ గురువారం అనంతపురంలో జరిగింది మాత్రం ఇదీ.

కౌముదికి ఉన్న బాధల్లా ఒక్కటే. ఎంత పరిగెత్తినా ఆమె రెండు నిమిషాలు వెనకబడేది.

'కొత్తకబురు' అని ఇంటర్నెట్టులో ఒక చర్చావేదిక ఉంది. అందులో పదకొండు వేలమంది. ఒకరు బ్యాంకులో క్యాషియరు, ఒకరు బోర్లు బాగుచేసే మెకానిక్కు, ఒకావిడ ఇంట్లో పచ్చళ్లు పెడుతూనే రాకెట్ల గురించి రాస్తుంది. కొత్త బ్యాటరీ, కొత్త టీకా, కొత్త చట్టం, ఏ వార్త వచ్చినా అందరూ అక్కడ చేరి గొంతులు చించుకునేవాళ్లు. "నీకేం తెలుసు" అంటే "నీకేం తెలుసు" అనుకునేవాళ్లు. మర్నాడు పొద్దున్నే ఏమీ జరగనట్టు పువ్వుల బొమ్మలతో శుభోదయాలు చెప్పుకునేవాళ్లు.

పాలిటెక్నిక్కులో ల్యాబ్ అసిస్టెంటుగా పనిచేసే కౌముదికి అక్కడ మంచి పేరుంది. కానీ 'తోకచుక్క' అనే మారుపేరుతో ఒకాయన ఉన్నాడు. ఏ వార్తయినా ముందు అతనే తెచ్చేవాడు. ఆమె ఆయాసపడుతూ తెచ్చేసరికి, "చల్లారిపోయిందక్కా, మళ్లీ వేడి చెయ్యాల" అని కింద రాసేవాడు.

అందుకే ఆమె తిప్పేస్వామి సారు దగ్గర చేరింది.

తిప్పేస్వామి సారు కోర్టులో ముప్పై ఎనిమిదేళ్లు స్టెనోగా పనిచేశారు. జడ్జీలు చెబుతుంటే తీర్పులు రాసుకున్న మనిషి. రిటైరయ్యాక ఇంట్లోనే షార్ట్‌హ్యాండ్ నేర్పేవారు. షార్ట్‌హ్యాండ్ కోసం వచ్చేవాళ్లు లేకుండా పోయాక, తీర్పులు చదవడం నేర్పుతున్నారు. దానికి వచ్చేది కౌముది ఒక్కతే. ప్రతి గురువారం వస్తుంది.

"చదవడం వచ్చేసింది సార్. ఇంక వేగం నేర్పించండి," అని ఆమె పోయిన గురువారం అడిగింది.

సారు తలూపారు. సరే అన్నారో, చూద్దాం అన్నారో ఆమెకు అర్థం కాలేదు.

ఈ గురువారం పదకొండు గంటలకు పైకోర్టు తీర్పు బయటికొచ్చింది.

చేలల్లో మందు చల్లే డ్రోన్లు నడపాలంటే శిక్షణ తీసుకుని సర్టిఫికెట్ పొందాలని ఒక నిబంధన ఉంది. అది చెల్లదని ఎవరో కేసు వేశారు. కొత్తకబురు జనమంతా ఏడాదిగా దాని గురించే కొట్టుకుంటున్నారు. నలభై ఏడు పేజీల తీర్పు. కౌముది ల్యాబ్‌లో నిలబడే, ఫోన్లో పేజీలు వేలితో పైకి తోసుకుంటూ పోయింది. పద్నాలుగో పేరా దగ్గర వేలు ఆగిపోయింది.

'సొంత చేలో, సొంత యంత్రంతో, మనిషెత్తున మందు చల్లుకునే రైతుకు విమానం నడిపేవాడికి పెట్టే నియమం పెట్టడం అన్యాయం. ఈ నిబంధన రాజ్యాంగం ముందు నిలవదు.'

 ఆమె ఆ పేరా ఒక్కటీ ఫోన్లో బొమ్మ తీసి కొత్తకబురులో పెట్టేసింది. పైన ఇలా రాసింది: "కోర్టు చెప్పేసింది! నిబంధన చెల్లదు! డ్రోన్లకు సర్టిఫికెట్ అక్కర్లేదు!"

అప్పుడు టైము పదకొండూ ఏడు. తోకచుక్క వచ్చింది పదకొండూ పదికి. "ఈసారి నేనే ఓడిపోయినా. దండం అక్కా," అని రాశాడు.

ఇంక చూడండి. మధ్యాహ్నానికి ఆరువందల మంది రాశారు. "గాలి ఎవరబ్బ సొత్తూ కాదని నేను మొదటినుంచీ చెప్తాండా" అని ఒకరు. "మొదటినుంచీ నువ్వు చెప్పింది తలకిందులు కదప్పా" అని ఇంకొకరు. "మొత్తం చదివినావా కౌముదీ?" అని పచ్చళ్లావిడ అడిగింది. "చదవాల్సింది చదివానండీ" అని కౌముది జవాబిచ్చింది. ఆ జవాబుకే నలభైమంది చప్పట్లు కొట్టారు.

వాటన్నిటి మధ్యలో ఓబులేసు రాశాడు.

ఓబులేసుది కూడేరు దగ్గర పల్లె. ఇద్దరు పిల్లల తండ్రి. చుట్టుపక్కల చేలకు డ్రోన్‌తో మందు చల్లి బతుకుతాడు. సర్టిఫికెట్ లేదని నెలకిందట అధికారులు ఆ డ్రోన్‌ని పట్టుకుపోయారు. 'తప్పయింది, శిక్షణ తీసుకుంటాను' అని అనంతపురం ఆఫీసులో సంతకం పెడితే తిరిగి ఇస్తామన్నారు. గడువు ఆ గురువారం సాయంత్రం నాలుగు. దాటితే ఇంక యంత్రం మీద ఆశ వదులుకోవాల్సిందే.

"అక్కా, నువ్వు చెప్పినాక ఇంక సంతకం యాడిది?" అని రాశాడతను. "తప్పు చెయ్యకుండానే తప్పయిందని రాయమంటే నిద్ర పట్టలేదు రెండు దినాలు. బయల్దేరినోన్ని వెనక్కొచ్చేసినా. రేపు తీర్పు కాగితం పట్టుకోని పోతా. వాళ్లే తెచ్చి ఇంటికాడ పెడతారు సూడు."

కౌముది దాన్ని మూడుసార్లు చదువుకుంది. కళ్లు చెమర్చాయి. వార్తంటే ఇదీ అనుకుంది. ఒక పూట సెలవు పెట్టి, దారిలో జిలేబీ కట్టించుకుని, సారు ఇంటికి వెళ్లింది.

తలుపు తీసిన సారు భార్య ఈశ్వరమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. "ఏమే, లాటరీ గాని తగిలిందా? మొగమంతా పళ్లే కనపడతాండాయి."

"అంతకంటే పెద్దదమ్మా!"

జిలేబీ పళ్లెంలో పెట్టి, కౌముది ఒక్క ఊపులో అంతా చెప్పేసింది. తీర్పు, పదకొండూ ఏడు, తోకచుక్క దండం, ఓబులేసు మెసేజీ. "మనం చదివిన చదువు ఒక మనిషికి పనికొచ్చింది సార్!" అంది.

సారు జిలేబీ ముక్క చేతిలోకి తీసుకున్నారు. "ఏదీ, ఆ పేరా చదువు."

ఆమె చదివింది.

"మళ్లీ చదువు."

ఈసారి ఇంకా గట్టిగా చదివింది. వీధిలో పోయేవాళ్లకు కూడా వినిపించేలా.

"ఎవరమ్మా మాట్లాడేది?"

"కోర్టు సార్."

సారు జిలేబీని తినకుండా పళ్లెంలో పెట్టేశారు. గోడ గడియారం చూశారు. రెండుంపావు. లేచి తనే కుర్చీలు లాగడం మొదలుపెట్టారు. మడతపెట్టే ఇనుప కుర్చీ కిటికీ దగ్గర వేశారు. ప్లాస్టిక్ కుర్చీ దానికి ఎదురుగా వేశారు. తాను రోజూ కూర్చునే పేము కుర్చీని ఆ రెంటి మధ్యకు జరిపారు.

"ఇనుపది కేసు వేసినోళ్లది. ప్లాస్టిక్‌ది సర్కారుది. పేముది జడ్జీది. ఎవరి మాట చదువుతాంటావో వాళ్ల కుర్చీలో కూర్చోని చదువు. మొదట్నుంచీ. పేరాకి మొదటి వాక్యం చాలు."

"మీ కుర్చీలోనా సార్?" కౌముది నాలిక కరుచుకుంది. ఏడాదిలో ఆమె ఆ కుర్చీకి కాలు కూడా తగలనివ్వలేదు.

"జడ్జీ మాట్లాడితే కూర్చుంటావు. తొందరగా కానీ."

మొదటి అయిదు పేరాల్లో కోర్టు, అసలు కేసేమిటో చెప్పింది. కౌముది పేము కుర్చీ అంచున, ఉండీ లేనట్టు కూర్చుని చదివింది.

"ఇదేందండీ, పెళ్లీడు పిల్లతో కుర్చీలాట," అని ఈశ్వరమ్మ నవ్వింది.

ఆరో పేరా. 'కేసు వేసినవారి తరఫు న్యాయవాది వాదన ఈ విధంగా ఉంది.' కౌముది లేచి ఇనుప కుర్చీలోకి మారింది. ఏడు చదివింది. ఎనిమిది చదివింది. తొమ్మిదో పేరా మొదలుపెడుతూ పేము కుర్చీ వైపు లేవబోయింది.

"ఎవరు లేపినారు నిన్ను?" అన్నారు సారు.

ఆమె ఫోన్లోకి చూసింది. అక్కడ కొత్తగా ఎవరి పేరూ లేదు. కోర్టు అంటోందని లేదు, మేము అంటున్నామని లేదు. మళ్లీ కూర్చుంది.

పది. పదకొండు. పన్నెండు. కిటికీలోంచి ఎండ పడి ఇనుప కుర్చీ కాలుతోంది. పదమూడు చదివేటప్పటికి ఆమె గొంతు తగ్గింది. ఈశ్వరమ్మ నవ్వడం మానేసింది.

పద్నాలుగో పేరా చూడకుండానే వచ్చు ఆమెకు. "సొంత చేలో, సొంత యంత్రంతో..." అని మొదలుపెట్టింది. తాను ఎక్కడ కూర్చుని ఉందో చూసుకుంది. ఇనుప కుర్చీ.

సారు ఆమె వైపు చూడలేదు. "చదువు," అన్నారు.

పదిహేనో పేరాలో సర్కారు న్యాయవాది లేచి కాదన్నాడు. ఆమె ప్లాస్టిక్ కుర్చీలోకి వెళ్లింది. అక్కడ ఇరవై పేజీలు. చివరికి ముప్పై తొమ్మిదో పేరా దగ్గర, 'ఇరువైపులా విన్నాం' అని కోర్టు నోరు తెరిచింది. కౌముది పేము కుర్చీలో కూర్చుంది. ఈసారి అంచున కాదు, వెనక్కి ఆనుకుని.

'రైతు ఇబ్బంది మాకు తెలుసు. ఆ మందు పక్కచేలో పనిచేసే కూలీల మీద పడకూడదన్నది కూడా తెలుసు. నిబంధన చెల్లుతుంది.'

కౌముది గడియారం వైపు తిరిగింది.

మూడుకు అయిదు నిమిషాలు తక్కువ. కొత్తకబురులో ఓబులేసు పేరు కింద ఉన్న నంబరుకు ఆమె ఫోన్ చేసింది. బిజీ. మళ్లీ చేసింది. మళ్లీ బిజీ. ఊరందరికీ సంబరంగా చెప్పుకుంటున్నాడు కాబోలు. ఆమె వేలు తన పోస్టు మీద, 'తొలగించు' అన్నచోట నిలబడింది.

"తీసేస్తాను సార్. ఎవరికీ తెలీకుండా పోతుంది."

"ఓబులేసుక్కూడా," అన్నారు సారు.

కౌముది వేలు వెనక్కి తీసుకుంది. ఆ పోస్టు అలాగే ఉంచి దాని మీదే రాసింది: "పద్నాలుగో పేరా కోర్టు మాట కాదు. కేసు వేసినవాళ్ల వకీలు మాట. నేను చదవకుండా చదివానన్నాను. నిబంధన చెల్లుతుందని కోర్టు చెప్పింది. ఓబులేసూ, నాలుగులోగా ఆఫీసుకి పో."

నిమిషం కాలేదు, మొదలైంది. నవ్వే మొహాలు వందలొచ్చి పడ్డాయి. "లాయరమ్మకు జై!" "నలభై చప్పట్లు వాపసియ్యండి!" "అక్కా, చదవాల్సింది చదివినావా?"  ఆమె వాటన్నిటినీ దాటేసి కిందకి వెళ్లింది. ఒక్కటే రాసింది: "ఓబులేసు ఫోన్ తగలడం లేదు. కూడేరు దగ్గర ఎవరైనా ఉన్నారా?"

నవ్వులు ఆగాయి.

"నేనుండా," అని ఒక మాట వచ్చింది. తోకచుక్క. "కూడేరు పశువుల ఆస్పత్రిలో డాక్టర్ని. బండి తీస్తాండా."

ఆ తర్వాత పదకొండు వేలమంది ఒక్క మాట కోసం చూస్తూ కూర్చున్నారు. ఈశ్వరమ్మ కూడా వచ్చి కౌముది భుజం మీంచి ఫోన్లోకి తొంగిచూసింది.

"ఇంటికాడ లేడు. చేనికాడికి పోయినాడంట."

మూడూ పన్నెండు.

"దొరికినాడు. నమ్మడంలా. నిన్నే చెప్పమంటాండాడు."

ఫోన్ మోగింది. "అక్కా, నువ్వే కదా కోర్టు చెప్పిందన్నావు?" ఓబులేసు గొంతులో కోపం లేదు, అదే ఆమెకు తట్టుకోలేనంతైంది.

"కోర్టు చెప్పలేదు ఓబులేసూ. నేను చెప్పాను. తప్పు నాది. ముందు బండెక్కు, తర్వాత తిట్టుదువుగాని."

 అవతల ఎవరో "ఎక్కప్పా సామీ!" అని అరవడం, మోటరు సైకిలు చప్పుడు.

"యాడుండారే ఇప్పుడు?" అని ఈశ్వరమ్మ నిమిషానికోసారి అడిగింది.  మూడున్నర. మూడూ నలభై. కౌముది గదిలో అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

మూడూ యాభై మూడుకు ఒక ఫొటో వచ్చింది. ఆఫీసు బల్ల, దాని మీద కాగితం, కాగితం మీద తడి ఆరని సంతకం. కింద తోకచుక్క రాశాడు: "యంత్రం సోమవారం ఇస్తామన్నారు. శిక్షణకు అతనితోబాటు నేను గూడా పేరిచ్చినా. నా బండి టైరు మాత్రం పోయింది అక్కా."

ఈశ్వరమ్మ ఊపిరి వదిలి, కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

అప్పుడు తెలిసింది కౌముదికి, కాళ్లు ఎంత లాగుతున్నాయో. కూర్చోబోయి మూడు కుర్చీలనూ చూసింది. ఇనుపది, ప్లాస్టిక్‌ది, పేముది. మూడింటినీ దాటి వెళ్లి, గోడ దగ్గర నేల మీద కూర్చుంది. కాఫీ వచ్చింది. ఫోన్ మోగుతూనే ఉంది. బోర్లించి పక్కన పెట్టింది.

చాలాసేపటికి అడిగింది. "సార్, ముప్పై ఎనిమిదేళ్లు కోర్టులో... మీరు ఏ కుర్చీలో కూర్చునేవారు?"

సారు కాఫీ తాగుతూ ఆలోచించారు. చిన్నగా నవ్వారు.

"నాకు స్టూలుండేది కదమ్మా. దానికి ఏ వైపూ ఆనుకోడానికి ఏమీ ఉండదు."

కథ అయింది. హరిణీ, టైపు చేసి అచ్చుకిచ్చేది నువ్వే కాబట్టి, ఇచ్చే ముందు ఇందులో పేర్లు ఒకసారి చూడవే. సారు తిప్పేస్వామేనా, తిప్పన్నా? ఆ డాక్టరుండేది కూడేరేనా? నేను రాశాను కదా అని వదిలెయ్యకు. కౌముదికి ఫోన్ చేసి అడుగు.