గుప్పెడు సునాముఖి

పొద్దున్న మొదటి జాము దాటింది. సన్నగా జల్లు పడుతోంది.

రాజుగారు కడుపు మీద చెయ్యి వేసుకుని కొలువులో కూర్చున్నారు. నిన్న మందు తాగింది మొదలు పదకొండుసార్లు పెరటివైపు వెళ్ళొచ్చారు.

"ఆ మందు కలిపిన పిల్లని కోట దాటించండి" అన్నారు.

ఆ పిల్ల నా కూతురు సింగారి. మేమిద్దరం కోట మందులగదిలో పనిచేస్తాం. ఇరవై ఏళ్ళుగా నేను నూరుతున్నాను. నూరడం తప్ప ఏమీ నేర్చుకోలేదని నిన్నే తేలిపోయింది.

ఆస్థాన వైద్యులు విరూపాక్ష భట్టుగారు ఏ మాటా పూర్తిగా రాయరు. పూర్తి మాటలు పామరులకట. నిన్నటి తాటాకు మీద "సు. గు. బె. నీ." అని గీశారు. కడుపు జాడించే సునాముఖి పొడి, బెల్లం నీళ్ళు, అంతవరకు తెలిసింది. మధ్యలో గు. గురిగింజంతా, గుప్పెడా?

సింగారి పరుగెత్తి అడిగింది. "ఆకు చూసి చెయ్యి" అని ఆయన పెళ్ళిభోజనానికి పల్లకీ ఎక్కేశారు.

పిల్ల నా దగ్గరికొచ్చింది.

"రాజుగారి కడుపాయె. గురిగింజంత ఏ మూలకొస్తుంది? గుప్పెడే అయ్యుంటుంది" అన్నాను. అదీ నా వైద్యం.

ఇప్పుడు కొలువులో అది నా పేరు చెప్పకుండా తల వంచుకుని నిలబడింది. నాకు మనసు నిలవలేదు.

"గుప్పెడన్నది నేను ప్రభూ."

"అయితే తల్లినీ పంపండి" అన్నారు భట్టుగారు. "నా ఆకు అద్దంలా ఉంటుంది. చదవలేకపోతే వాళ్ళ ఖర్మ."

రాజుగారు నా వైపు తిరిగారు. "ఓబుళమ్మా, తప్పు ఆకుదేనని చూపించు. చూపిస్తే ఇద్దరూ ఇంటికి. లేకపోతే ఇద్దరూ కోట బయటికి."

"ఒక్క గిన్నె కలుపుకొస్తాను ప్రభూ" అన్నాను.

తెచ్చి భట్టుగారి ముందు పెట్టాను.

"ఈ ఆకు ప్రకారమే కలిపాను. ముందు వైద్యులు తాగాలి, తర్వాతే ప్రభువులు. అది కోట ఆచారం. నిన్న స్వామివారికి తీరిక లేకపోయింది."

"కానివ్వండి భట్టుగారూ" అన్నారు రాజుగారు.

ఆయన గిన్నె ఎత్తారు. పెదాల దాకా తెచ్చి ఆపారు. నా వైపు వంగి గొంతు తగ్గించారు.

"ఎంత వేశావే?"

నేను తాటాకు అందించాను.

"ఆకు చూసి తాగండి స్వామీ."

ఆయన ఆకు చూశారు. గిన్నె చూశారు. పెరటివైపు దారి కూడా చూశారు. గిన్నె కింద పెట్టేశారు.

రాజుగారు కడుపు పట్టుకుని మరీ నవ్వారు. కొలువంతా నవ్వింది. ఇకమీదట మందు ఆకుల మీద మాటలు పూర్తిగా రాయాలన్నారు. తన శాలువా తీసి నాకిచ్చారు.

"ఇంతకీ ఎంత వేశావు?"

"ఏమీ వెయ్యలేదు ప్రభూ. కంగారులో సునాముఖి మాటే మరిచిపోయాను. అవి వట్టి బెల్లం నీళ్ళు."

ఇంటికొచ్చి గడియ పెట్టి లెక్క చూసుకున్నాను. సింగారి ఒకటి, నేను రెండు. నమ్మకం కుదరక మళ్ళీ లెక్కపెట్టాను.

ఇద్దరమే. సరిపోయింది.