సగం ఖాళీగా ఉంచాల్సిన గుంట

సముద్రాన్ని ఆనుకుని ఉప్పురేవు అనే అడవి ఉండేది. అందులో ఒక కొండముచ్చు, ఇద్దరు ఏనుగు అక్కచెల్లెళ్ళు, ఒక ముసలి పీత, ఇంకా బోలెడన్ని జంతువులు ఉండేవి. కొండముచ్చు పేరు దర్జాలు. పేరుకు తగ్గవాడే. తోక దులిపి, మీసం సవరించుకోనిదే గుహ దాటి బయటికి వచ్చేవాడు కాదు.

ఒక ఏడు పెద్ద తుఫాను వచ్చింది. అలలు ఒక పగడపు బండను పెకలించి ఒడ్డున పడేశాయి. ఆ బండ గుంతలో కాసిని నీళ్ళు, ఆ నీళ్ళలో ఒక నారింజరంగు చేప మిగిలాయి. చేప పేరు చెంగావి. బండకు అంటుకుని ఆవగింజలంత గుడ్లు ఉన్నాయి. వాటికి రెక్కలతో విసురుతూ చెంగావి అలసిపోయాడు. ఆ జాతి చేపల్లో గుడ్లను కాపాడేది తండ్రే. తల్లి తుఫానుకు కొట్టుకుపోయింది.

"మావయ్యా, సముద్రం ఇంకా అల్లకల్లోలంగా ఉంది. ఎనిమిది రోజులు చోటిస్తే చాలు. ఈలోగా పిల్లలు బయటికొస్తారు," అన్నాడు చెంగావి, ఒడ్డుకు వచ్చిన దర్జాలుతో.

దర్జాలు గొప్పలు చెప్పుకునేవాడే గానీ మనసు మెత్తన. బండను గుండెకు హత్తుకుని తన గుహకు మోసుకెళ్ళాడు. అక్కడ పెద్ద రాతితొట్టి ఉంది. దాని నిండా సముద్రపు నీళ్ళు పోసి, బండను అందులో దించాడు.

కానీ నిలవ నీళ్ళలో పగడం బతకదు. అందుకని తొట్టి కింద ఒక గుంట తవ్వాలనుకున్నాడు. తొట్టి అంచు మీంచి పొర్లిన నీళ్ళు గుంటలో పడతాయి. అక్కడ ఇసుక, నాచు వాటిని శుభ్రం చేస్తాయి. అక్కచెల్లెళ్ళలో ఒక ఏనుగమ్మ ఆ నీళ్ళు తొండంతో పీల్చి, వెదురు గొట్టంలోకి ఊది, మళ్ళీ తొట్టికి ఎక్కిస్తుంది. ఆలోచన బాగానే ఉంది.

తవ్వడంలో ఆ అడవిలో పీతవ్వను మించినవాళ్ళు లేరు. ఆమె వచ్చి అంతా చూసింది.

"గుంట బాగా పెద్దది తవ్వు నాయనా. సగానికి మించి నింపకు. గొట్టం పై మూతి తొట్టిలో నీళ్ళ మట్టానికి కాస్త కిందగా, అంతే ఉండాలి. అడుగుదాకా దించావంటే ప్రమాదం," అంది.

"సగం గుంట ఖాళీగా ఉంచితే చూడవచ్చినవాళ్ళు నవ్వరా అవ్వా? గొట్టం అడుగుదాకా ఉంటే నీళ్ళు కిందినుంచి బుడబుడా పొంగుతాయి. ఎంత అందం!"

"ఊదడం ఆగిపోతే?"

"ఎందుకాగుతుంది? ఏనుగులు ఇద్దరున్నారు. ఒకరు లేస్తే ఇంకొకరు కూర్చుంటారు."

"మేము గూడు తవ్వేముందు పోటూ చూస్తాం, పాటూ చూస్తాం. నీళ్ళు వచ్చే దారే తిరిగి పోయే దారి కూడాను. ఏనుగమ్మ తొండం తీసిందంటే గొట్టంలోంచి నీళ్ళు వెనక్కి కారతాయి. కట్టగానే ఒక్కసారి ఆపి చూడు."

"నీ గూడు జానెడు, నా తొట్టి ఇంత! రెంటికీ పోలికేమిటి అవ్వా?" అని దర్జాలు పకపకా నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. పీతవ్వ పక్కకు నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

దర్జాలు చిన్న గుంటే తవ్వాడు. అందులో రంగురంగుల గవ్వలు పేర్చి, అంచుదాకా నీళ్ళు నింపాడు. వెదురును తొట్టి అడుగుదాకా దించాడు. అడవి అడవంతా చూడ్డానికి వచ్చింది. నాలుగు రోజులు గడిచేసరికి గుడ్లలో చిన్న చిన్న కళ్ళు కనిపించాయి.

"నన్ను చూస్తున్నారు మావయ్యా!" అని చెంగావి గిర్రున తిరిగాడు. దర్జాలుకు కళ్ళనీళ్ళు వచ్చాయి.

ఐదోనాడు మిట్టమధ్యాహ్నం అడవిలోంచి ఒక కేక వినిపించింది. పెద్ద ఏనుగమ్మ కూన బురదలో దిగబడిపోయింది. తల్లి పరుగెత్తింది. పిన్ని కూడా గొట్టం వదిలేసి పరుగెత్తింది. వాళ్ళను తప్పుపట్టగలమా?

ఊదడం ఆగింది. వెళ్ళిన నీళ్ళన్నీ అదే గొట్టంలోంచి వెనక్కి వచ్చాయి. కింద గుంటలో చుక్కకు కూడా చోటు లేదు. నీళ్ళు పొంగి, గుహలోంచి పారి, బయట ఎండలో కాలిన ఇసుకలో ఇంకిపోయాయి. తొట్టి అడుగున జానెడు నీళ్ళు మిగిలాయి.

గుడ్లు ఆ నీళ్ళకు చాలా పైన ఉన్నాయి.

గొట్టం పైకి లాగాలని దర్జాలుకు తోచేసరికే నీళ్ళు దిగిపోయాయి. బండను ఎత్తబోతే అది తొట్టి అడుగున ఇరుక్కుపోయి కదల్లేదు. గుంటలోంచి దోసిళ్ళతో నీళ్ళు పట్టుకుని పైకెక్కాడు. ఎక్కేలోగా వేళ్ళ సందుల్లోంచి కారిపోయాయి. మళ్ళీ దిగాడు, మళ్ళీ ఎక్కాడు. చెంగావి ఎగిరెగిరి తోకతో గుడ్ల మీదికి నీళ్ళు చిమ్ముతున్నాడు. ఒక్కొక్క గెంతుకు రెండు మూడు చుక్కలు తగిలేవి.

కూనను గట్టెక్కించి ఏనుగమ్మలు వచ్చేసరికి పొద్దు వాలింది. గుడ్లు తెల్లగా అయిపోయాయి.

పీతవ్వ కూడా వచ్చింది. "నేను ముందే చెప్పాను" అనలేదు. తొట్టి పక్కన కూర్చుంది.

తెల్లవారాక దర్జాలు చెంగావిని చిప్పలో సముద్రానికి తీసుకెళ్ళాడు. సముద్రం నెమ్మదించింది. "చెంగావీ, నన్ను క్షమించు," అన్నాడు.

చెంగావి చిప్పలోంచి నీళ్ళలోకి జారి, వెనక్కి తిరిగాడు. "ఒక్కసారి ఆపి చూడాల్సింది మావయ్యా," అన్నాడు. తరవాత వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ ఒడ్డుకు రాలేదు.

దర్జాలు పీతవ్వ దగ్గరికి వెళ్ళి తల వంచాడు. ఆమె చెప్పినట్టే గుంటను మూడింతలు తవ్వాడు. గవ్వలు తీసి పారేశాడు. సగం ఖాళీ ఉంచాడు. గొట్టం పైకి లాగి కట్టాడు. "ఇప్పుడు ఆపమ్మా," అన్నాడు ఏనుగమ్మతో. తొట్టిలో నీళ్ళు రెండు వేళ్ళ మందం దిగాయి. అక్కడే ఆగాయి.

అది చూసి దర్జాలు గుంట ఒడ్డున కూలబడి ఏడ్చాడు.

ఆ తరవాత ఉప్పురేవులో ఎవరు ఏది కట్టాలన్నా ముందు పీతవ్వను అడిగేవారు. తుఫానుకు ఒడ్డున పడ్డ చేపలెన్నో దర్జాలు తొట్టిలో పిల్లల్ని పెంచుకుని సముద్రానికి వెళ్ళాయి. చూడవచ్చినవాళ్ళు పైన పగడాన్ని మెచ్చుకునేవారు. దర్జాలు మాత్రం రోజూ పొద్దున్నే కింది గుంటలో ఖాళీ ఎంతుందో చూసుకుని, ఆ తరవాతే మీసం సవరించుకునేవాడు. కొన్నాళ్ళకు మీసం సంగతే మరిచిపోయాడు.

నీతి: ఏ పనైనా ఆగిపోయిన రోజున ఏమవుతుందో మొదలుపెట్టేముందే ఆలోచించాలి. తెలిసినవాళ్ళ మాటను నవ్వులాటగా తీసేస్తే, మనల్ని నమ్ముకున్నవాళ్ళు నష్టపోతారు.