నక్క మందు, కపిల నెమరు

కొండవాలు బయల్లో ఆ ఏడు వానలు వెనకబడ్డాయి. ఎండుగడ్డి మేసి మేసి మందలో సగానికి కడుపుబ్బరం పట్టుకుంది. సరిగ్గా అప్పుడే, మెడలో మూలికల మూట వేలాడేసుకుని ఒక నక్క దిగింది.

"మీ కడుపుల్లో కంటికి కనపడని పురుగులు కోట్లకొద్దీ కాపురముంటున్నాయి," అంది. "మీరు మేస్తారు, అవి తింటాయి. శ్రమ మీది, భోగం వాటిది. నా మందు తాగండి, మీ కడుపులకు విముక్తి."

విముక్తి అంటే ఎవరు కాదంటారు? దొంగ ముందుగా ఎత్తుకుపోయేది మంచి మాటలనే.

మంద పెద్ద బొల్లెద్దు మాత్రం ముందు పరీక్ష చేసి చూపించమంది. ఆరు ఆవులకు మందు, ఆరింటికి ఉత్త నీళ్ళు. నెల తిరిగాక మందు పనిచేసిందని తేలితే మందంతా తాగాలి. ఎవరికి ఏది పోయాలో నక్కే చూసుకుంది.

కపిల అనే ఆవు చెల్లెలు పుల్లకూ, చుక్కావుకూ మందు పడింది. పద్దెనిమిది రోజులు తిరక్కుండానే పుల్ల మేతకు రావడం మానేసింది.

"లోయలో పడుకుని నెమరేస్తోందిలే కపిలమ్మా," అంది నక్క. "తోడుగా చుక్కావు కూడా ఉంది."

ఆ మందలో ఒక కట్టుబాటు ఉంది. నెమరేసేవాళ్ళ దగ్గరికి పోకూడదు, పలకరించకూడదు. కాబట్టి ఎవరూ పోలేదు. మర్యాదస్తుల మధ్య హత్య చెయ్యడం ఎంత తేలికో నక్కకు తెలుసు.

కపిల రెండు రోజులు ఓర్చుకుంది. మూడో రోజు పొద్దున కట్టుబాటు కాదని లోయలోకి దిగింది.

ముందు చుక్కావు కొమ్ములు కనిపించాయి. పక్కటెముకలు, చుట్టూ నక్క అడుగులు. అవతల పొద పక్కన పుల్ల ఒరిగి ఉంది. దాని దవడలు కదలడం లేదు.

"వచ్చావా అక్కా," అంది పుల్ల. "నాకు నెమరు రావట్లేదే. తిన్న గడ్డి తిన్నట్టే రాయిలా కూర్చుంది."

"ఎప్పట్నుంచి?"

"మందు తాగిన మర్నాటి నుంచి. లోపల ఎవరో ఇల్లు ఖాళీ చేసి పోయినట్టుంది."

కపిలకు అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్ళూ గడ్డి అరిగించింది తాము కాదు. ఆ కనపడని కోట్లమందే లోపల రేయింబవళ్ళు వండి పెడుతున్నారు. నక్క దొంగలని పేరుపెట్టి చంపించింది ఆ కూలివాళ్ళనే.

"నోరు తెరువు," అంది కపిల.

"ఎందుకు?"

"నా నెమరు ముద్ద పెడతాను. నా లోపలివాళ్ళు నీ లోపల కాపురం పెడతారు."

"ఛీ, నీ ఎంగిలా?"

"అమ్మ పొదుగు దగ్గర నన్ను నెట్టేసి తాగినప్పుడు లేని ఎంగిలి ఇప్పుడొచ్చిందా? తెరువు."

కపిల రోజూ వెళ్ళి పెట్టింది. నాలుగో రోజు పుల్ల దవడ మెల్లగా కదిలింది. ఎనిమిదో రోజు లేచి నిలబడింది. నక్క తొంగిచూసే వేళకు మాత్రం కొనఊపిరితో ఉన్నట్టు కళ్ళు మూసుకుని పడి ఉండేది.

నెల తిరిగింది. మంద ముందు నక్క నాలుగు ఆవులను నిలబెట్టింది. అవి చిక్కాయి గానీ నిలబడ్డాయి.

"మందు తాగినవి ఇవే. నాలుగుకు నాలుగూ బతికాయి. ఇక అందరూ వరుసలో రండి."

"ఆరు కదా తాగింది?" అంది కపిల.

నక్క జాలిగా నిట్టూర్చింది. "ఆ రెండూ తాగలేదు తల్లీ. పోయబోతే తల విదిలించి నేలపాలు చేశాయి. పురుగులు వాటిని లోపలినుంచే తినేశాయి. నా మందు కాదన్నవాళ్ళ గతి అది."

"మా పుల్ల ఒక్క గుక్క కూడా మింగలేదంటావు?"

"ఒక్క చుక్క కూడా మింగలేదు. ఒట్టు."

"పెద్దయ్యా, విన్నావుగా," అంది కపిల. బొల్లెద్దు తలూపింది.

కపిల లోయవైపు తిరిగి అంబా అని పిలిచింది. పుల్ల గట్టెక్కి, నెమరేస్తూ, నడిచి వచ్చింది.

నక్క తడబడింది. అయినా తేరుకోవడానికి దానికి ఎంతసేపు. "చూశారా నా మందు మహిమ," అంది. "రోజూ దోసెడు తాగింది. కాస్త ఆలస్యమైనా పనిచేసింది."

బొల్లెద్దు ఒక్కడుగు ముందుకు వేసింది.

"ఇందాక చుక్క కూడా మింగలేదని ఒట్టేశావే."

పుల్ల చెప్పింది, తాను మందు తాగాననీ, అక్క ఎంగిలితో బతికాననీ, చుక్కావును నక్క ఎలా తిన్నదో చూశాననీ. ఒకటొకటిగా కొమ్ములు వంగాయి. మూట తెంచుకుని నక్క అడవిలోకి పరుగెత్తింది. వెనక్కి తిరిగి చూసే ధైర్యం కూడా చెయ్యలేదు.

అప్పుడు బొల్లెద్దు పరీక్షకు నిలబడ్డ పన్నెండు పేర్లూ వరసగా పిలిచింది. పదకొండు గొంతులు పలికాయి. చుక్కావు పేరు రెండుసార్లు పిలిచింది. కపిల తప్ప లోయలోకి ఒక్కరైనా తొంగిచూడని ఆ మందలో తలెత్తిన ఆవు ఒక్కటీ లేదు.

నీతి: మందు గెలిచిందని ఎవరైనా చాటితే, నిలబడ్డవాళ్ళను చూసి నమ్మకండి, పడిపోయినవాళ్ళెవరో పేరుపేరునా అడగండి.