మూసిన పిడికిలి

ఆదివారం ఆరాధనలో ఒక ముసలామె మూసిన పిడికిలిని కానుకల సంచిలో పెట్టింది. మూసిన పిడికిలినే బయటికి తీసింది. మీరు ఏం చూశారో చెప్పండి.

తొందరపడకండి. ఇచ్చిందని కొందరంటారు, తీసుకుందని కొందరంటారు. ఇద్దరికీ తెలియదు. తెలియకుండానే గట్టిగా మాట్లాడేవాళ్ళతో నాకు జీవితమంతా పేచీయే. ముందు జరిగింది వినండి, తర్వాత తీర్పు చెబుదురు గాని.

ఆమె ఉండే పాలెంలో దైవసేవకుడు జకరయ్య అయ్యగారు. ఎవరేది అడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. ఏదో ఒక పని పురమాయించేవారు. ఆయన దగ్గర సువార్త పని నేర్చుకుంటున్న విల్సన్‌కు ఇది మింగుడుపడేది కాదు. బైబిలు పాఠశాలలో చదివి వచ్చినవాడు, ప్రశ్నకు జవాబుంటుందని నమ్మేవాడు.

అది కష్టకాలం. పాలెం వాళ్ళ సమాధుల దొడ్డి పెద్దరైతు మిరపతోటను ఆనుకుని ఉంది. ఆయన దాన్ని కూడా కలుపుకోవాలని చుట్టూ ముళ్ళకంచె కొట్టించాడు. పాలెం అడ్డం తిరిగింది. దాంతో పాలెం మనుషులను ఎవరూ పనికి పిలవకూడదని ఆయన ఊళ్ళో కట్టుబాటు చేశాడు. ఒక్క ఇల్లు వచ్చి ఆ దొడ్డి మాకొద్దని చెప్పినా చాలు, పాలెమంతా చెప్పినట్టే, మర్నాటి నుంచి అందరికీ పని ఉంటుందని కబురు కూడా పెట్టాడు. పొయ్యిలు ఒక్కొక్కటే చల్లారుతున్నాయి. వండే ముందు దేవుని కోసం పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టే ఆడవాళ్ళు, తీయడానికి బియ్యమే లేక కుండలు బోర్లించారు.

ఒక శనివారం సాయంత్రం ఆ ముసలామె, సువార్తమ్మ, అయ్యగారి అరుగు దగ్గరికి వచ్చి నిలబడింది. ఆమె కోడలు పచ్చి బాలింత. గంజి లేక చంటిదానికి పాలు పడటం లేదు.

"రేపు ఆరాధన అయ్యాక పెద్దరైతు దగ్గరికి పోతా అయ్యగారా. ఆ దొడ్డి మాకొద్దని చెప్పేస్తా. మా ఆయన పడుకున్న చోటే గదా, ఆయనేం అనుకోడులే. బతికుండగా కూడా ఏమీ అనుకునేవాడు కాదు." నవ్వబోయింది, రాలేదు. "మీకు చాటున చెయ్యటం ఇష్టంలేక ముందే చెబుతున్నా."

అయ్యగారు పో అనలేదు, వద్దనలేదు. "ఆరాధనకి మాత్రం రా అమ్మా," అన్నారు.

ఆమె వెళ్ళాక విల్సన్ ఆగలేకపోయాడు.

"రేపు నన్ను ఓర్పు మీద ప్రసంగం చెయ్యమన్నారు. కడుపు కాలుతున్నవాళ్ళకి ఆ మాట చెప్పడానికి నాకు నోరెట్లా వస్తది? అసలు ఓర్పంటే ఏంది అయ్యగారూ, నోరు మూసుకుని పడుండటమేనా?"

న్యాయమైన ప్రశ్న. ఓర్పు అనే మాటను నేను చాలా నోళ్ళలో విన్నాను. కడుపు నిండినవాడి నోట అది తిట్టు కంటే చేదు.

"మూసుకోవాల్సింది నోరు కాదులే," అన్నారు అయ్యగారు. "ప్రసంగం వద్దు. కానుకల సంచి ఉతికి ఆరేయి."

తెల్లవారి ఆ సంచి అడుగున అయ్యగారు తన ఇంట్లో ఉన్న బియ్యమంతా పోశారు. అది చూసినవాడు విల్సన్ ఒక్కడే.

పాటలయ్యాక అయ్యగారు సంచిని బల్ల మీద పెట్టి, దాని మూతి మీద తన కండువా కప్పారు.

"ఇంటికొకరు రండి. ఉన్నవాళ్ళు వెయ్యండి, లేనివాళ్ళు తీసుకోండి. ఏది చేసినా పిడికిలి మూసుకునే రావాలి, మూసుకునే పోవాలి. నేను కళ్ళు మూసుకుంటా. మా విల్సన్ కూడా మూసుకుంటాడు."

ముందు ఎవరూ కదల్లేదు. తర్వాత మరియమ్మ లేచింది. వెనక నుంచి ఎస్తేరమ్మ అంది: "ఏందే, అంత బిగబట్టావు, పిట్టని పట్టుకొచ్చావా?"

"పిట్టేనే. మీ గూట్లోంచే ఎగిరొచ్చింది."

ఎన్నాళ్ళకో గుడిలో నవ్వు వినపడింది. ఆ నవ్వులోనే ఒకరి వెనక ఒకరు లేచారు. వెళ్ళేటప్పుడు అన్నీ మూసిన పిడికిళ్ళే, వచ్చేటప్పుడూ మూసిన పిడికిళ్ళే. ఎవరు ఎవరికి పెట్టారో, ఎవరు ఎవరిది తిన్నారో చెప్పగలిగినవాడు ఆ గదిలో లేడు.

అందరి తర్వాత సువార్తమ్మ వచ్చింది. చెయ్యి లోపల పెట్టి చాలాసేపు అట్లాగే నిలబడింది. మెల్లగా చెయ్యి బయటికి తీసి, ఆ పిడికిలిని కొంగులో దాచుకుని బయటికి నడిచింది.

గుడి ముందు దారి రెండుగా చీలుతుంది. ఒకటి పెద్దరైతు ఇంటికి, ఒకటి పాలెంలోకి. అయ్యగారు, విల్సన్ గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. ఆమె చీలిక దగ్గర ఆగింది. కొంగు సర్దుకుంది. పాలెంలోకి తిరిగింది. అయ్యగారు అప్పుడు గాని గుమ్మం పట్టు వదల్లేదు.

ఆ సంచి ఆ తర్వాత ప్రతి ఆదివారం బల్ల ఎక్కింది. కొన్ని వారాలు బరువుగా, కొన్ని వారాలు అడుగున నాలుగు గింజలతో. సులువుగా గడిచిందని నేను చెప్పను. అట్లా చెప్పేవాళ్ళను నమ్మకండి. కానీ ఏ ఇల్లూ ఆ దారి పట్టలేదు. చివరికి మిరపకాయ పండి, కోసేవాళ్ళు లేక చెట్టు మీదే వడలడం మొదలయ్యాక పెద్దరైతు మనిషి పాలెం మొదట్లో నిలబడి పిలిచాడు. ముందు కంచె పీకమన్నారు వీళ్ళు. పీకాడు.

దొడ్డిలోకి మళ్ళీ అడుగుపెట్టిన రోజున సువార్తమ్మ మనవరాలిని చంకనేసుకుని వచ్చింది. భర్త సమాధి మీద పెరిగిన పిచ్చిమొక్కలు పీకుతూ ఆయన్ని ఏదో కోప్పడుతోంది. అది చూస్తూ విల్సన్, ఇన్నాళ్ళూ దాచుకున్న మాట బయటపెట్టాడు.

"అయ్యగారూ, మొదటి ఆదివారం సువార్తమ్మత్త వచ్చిపోయాక బల్ల కింద రెండు గింజలు కనపడ్డాయి. అవి ఆమె వేసేటప్పుడు పడినయ్యా, తీసుకునేటప్పుడు పడినయ్యా?"

అయ్యగారు వాడి భుజం మీద చెయ్యి వేసి నవ్వారు.

"అంటే ఆ రోజు కళ్ళు తెరిచావన్నమాట. ఇప్పుడన్నా మూసుకోరా నాయనా."

మరి మీ గుడిలో, లేనివాడి చెయ్యి సంచిలోకి పోయేటప్పుడు, కళ్ళు మూసుకునేవాళ్ళు ఎందరున్నారు?