గులకదిబ్బ మీద అడవి చేమంతి

మేడిగిరి రాజు ముమ్మడిభూపతి ఒకసారి వేటకు వెళ్లి, జింకను వదిలేసి పూలగింజలు మూట కట్టించుకొచ్చాడు.

అవి కొండవాలులో పసుప్పచ్చగా పూచే అడవి చేమంతి గింజలు. ఏటా వానలకు మొలిచి, చలికాలంలో పూచి, గింజ రాల్చి ఎండిపోయే మొక్క అది.

"ఈ పువ్వు నా తోటలో పూయాలి. పూయించినవారికి నా చేతి కంకణం ఇస్తాను" అన్నాడు రాజు.

"చిత్తం" అని మీసం దువ్వాడు ఉద్యానాధికారి విరూపణ్ణ.

రాజుగారు మెచ్చిన పువ్వుకు మామూలు సేవ చేస్తే ఎలా? మోకాలి లోతు ఎరువు వేయించాడు. పాలు కలిపిన నీళ్లు పోయించాడు. ఎండ తగలకుండా పట్టు పందిరి కట్టించాడు. మొక్కలు మనిషెత్తు పెరిగాయి. ఒక్క మొగ్గ కూడా వేయలేదు.

రాజు వచ్చి చూశాడు.

"ఇది ఏ ఆకుకూర?"

విరూపణ్ణ తడుముకోలేదు. "అంతా తోటమాలి బయ్యన్న చేతి దోషం, ప్రభూ."

చెప్పిన పనల్లా చేసిన బయ్యన్న చేతులు జోడించాడు.

"చలికాలంలో పూలు కనబడకపోతే బయ్యన్న పెళ్లాంబిడ్డలతో కోట విడిచి పోవాలి" అనేశాడు రాజు.

రాజుగారికి తాంబూలం అందించే కాచమ పక్కనే ఉంది. వేటకూ ఆమె వెంట వెళ్లింది, ఆ కొండనూ చూసింది.

"ప్రభూ, మిగిలిన గింజలు నాకిప్పించండి. పూయకపోతే బయ్యన్నతోపాటు నేనూ పోతాను."

విరూపణ్ణ నవ్వాడు. "తమలపాకు మడవడం అనుకున్నావా? తోటలో జానెడు నేల ఇవ్వను. కోటవాకిలి దగ్గర గులకదిబ్బ ఉంది, వేసుకో."

"అయ్యో, రాళ్లలోనా! పోనీ, నాలుగు గంపల ఎరువైనా ఇప్పించండి."

"పిడికెడు కూడా ఇవ్వను."

"రోజూ ఒక కుండెడు నీళ్లు?"

"చుక్క పోసినా ఊరుకోను. కాపలా పెడతాను."

"సరే, దిబ్బ మీదికి వాలిన చింతకొమ్మ నీడైనా ఉందిలెండి" అని నిట్టూర్చింది కాచమ.

మర్నాడే విరూపణ్ణ ఆ కొమ్మ కొట్టించాడు.

వానలు ఇంకా మిగిలే ఉన్నాయి. కాచమ గింజలు చల్లి, కాలితో నేల సర్ది, తాంబూలాల పనికి వెళ్లిపోయింది. బయ్యన్న పెళ్లాం మాత్రం గిన్నెలు మూట కట్టడం మొదలుపెట్టింది. ఎవరూ దొంగచాటుగా నీళ్లు పోయకుండా విరూపణ్ణ దిబ్బ చుట్టూ ముళ్లకంచె వేయించాడు. దాంతో మేకలు కూడా లోపలికి రాలేదు.

చలి ముదిరాక ఒక ఉదయం రాజుగారి గుర్రం కోటవాకిట్లో ఆగిపోయింది. దిబ్బంతా పసుపు ఆరబోసినట్టుంది. తోటలోని మనిషెత్తు మొక్కలకు మాత్రం ఇంకా ఆకులే.

రాజు దిగి, పూల మధ్యకు నడిచి, అందరినీ అక్కడికే పిలిపించాడు.

"కాచమా, ఏం చేశావు?"

"నేనేమీ చేయలేదు, ప్రభూ. సాగంతా విరూపణ్ణగారిదే."

విరూపణ్ణ ఉలిక్కిపడ్డాడు. అంతలో రాజుగారి కంకణం కంటబడింది.

"చిత్తం. మొదటినుంచీ నా పర్యవేక్షణే, ప్రభూ."

"అలాగా! ఏ ఎరువు వేశావు?"

విరూపణ్ణ కాపలావాళ్ల వైపు చూశాడు. కాచమ వినయంగా అందుకుంది.

"కొండ మీద ఈ పువ్వుకు ఎరువు వేసేవాళ్లు, నీళ్లు పోసేవాళ్లు, నీడ పట్టేవాళ్లు లేరు, ప్రభూ. అలాంటివాళ్లెవరూ ఇక్కడికి రాకుండా కాపలా కాయించింది ఆయనే!"

రాజు పగలబడి నవ్వాడు. కాపలావాళ్లూ నవ్వు ఆపుకోలేకపోయారు. కంకణం కాచమ చేతికి వెళ్లింది, తోట పెత్తనం బయ్యన్నకు వెళ్లింది.

"మరి నేను, ప్రభూ?" అన్నాడు విరూపణ్ణ.

"నువ్వు ఈ దిబ్బకు అధికారివి" అన్నాడు రాజు. "దీనికి ఎప్పుడూ ఏ సేవా చేయకు."